కార్డు లోపలి పేజీ

బర్త్‌డే కార్డులు సొంతంగా తయారుచేసుకునే వాళ్ళ భాషలో 'సెంటిమెంట్' అనేది ఒక వస్తువు. రబ్బరు మీదో, పారదర్శకంగా ఉండే ఫోటోపాలిమర్ మీదో అక్షరాలు పోతపోసి అమ్మే స్టాంపుని ఆ పేరుతో పిలుస్తారు. 'ఈ సెట్లో ఎనిమిది పూలు, నాలుగు సెంటిమెంట్లు ఉన్నాయి' అంటారు. 'సెంటిమెంట్ కొంచెం వంకరగా పడింది' అని బాధపడతారు. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఈ కళని అడగాల్సిన ప్రశ్న ఆ ఒక్క మాటలోనే ఉందనిపించింది. బొమ్మకి రంగు వేసింది నువ్వు, కాయితం కోసింది నువ్వు, రెండు రాత్రులు కూర్చున్నది నువ్వు. మరి మాట ఎవరిది?

సాహిత్య పత్రికలో గ్రీటింగ్ కార్డుల గోలేంటి అనుకుంటారేమో. కార్డు కూడా ఒక రచనేనండీ. ఒకే కాపీ, ఒకే పాఠకురాలు. ఇలాంటివి మనకి కొత్త కూడా కాదు. పెళ్ళిళ్ళలో పంచరత్నాలని ఐదు పద్యాలు రాయించి, అచ్చువేయించి, పందిట్లో చదివి వధూవరుల చేతిలో పెట్టేవాళ్ళు. ఫ్రేము కట్టించిన అలాంటి కాయితాలు పాత ఇళ్ళ గోడల మీద ఇంకా కనిపిస్తాయి. వాటి మీద విమర్శ ఎవరూ రాయరు. గొప్పగా ఉండి తీరాలన్న ఒత్తిడి లేనిచోట మాట ఎలా ప్రవర్తిస్తుందో చూడాలంటే మాత్రం ఇలాంటి సందర్భ రచనల్నే చూడాలని నా నమ్మకం.

మా పెద్దమ్మ కూతురు ఒహాయోలో ఉంటుంది. తొమ్మిదేళ్ళుగా కార్డులు చేస్తోంది. చుట్టాల్లో ఎవరి పుట్టినరోజు దగ్గరపడినా ఒక కవరు పోస్టులో బయల్దేరుతుంది. మా ఇంటికి ఇప్పటిదాకా పద్నాలుగు వచ్చాయి. ఆఫీసు పని మీద వెళ్ళి వాళ్ళింట్లో రెండు వారాలు ఉన్నప్పుడు, రాత్రిళ్ళు బేస్‌మెంట్‌లో అక్క పక్కన కూర్చుని ఈ వ్యవహారమంతా చూశాను. ఈ వ్యాసం ఆ పద్నాలుగు కార్డుల్నీ, ఆ బల్లనీ చదివిన చదువు.

అమెరికన్ కార్డుకి కొలత దాదాపు ఛందస్సు లాంటిది. లెటర్ సైజు కార్డ్‌స్టాక్‌ని సగానికి కోసి మడిస్తే 4¼, 5½ అంగుళాల కార్డు వస్తుంది. దీన్ని ఏ2 అంటారు (మన ఏ4 కుటుంబంలోని ఏ2కీ దీనికీ చుట్టరికం లేదు). కవర్లు, స్టాంపులు, డైలు చాలావరకు ఈ కొలతని దృష్టిలో పెట్టుకునే తయారవుతాయి. డై అంటే అంచు కత్తిలా ఉండే పల్చటి ఉక్కు ఆకారం. కాయితం మీద డై పెట్టి, పైనా కిందా ప్లాస్టిక్ పలకలు పెట్టి, రెండు రోలర్ల మధ్యకి తోసి హ్యాండిల్ తిప్పుతారు. చెరుకురసం బండి గుర్తొచ్చింది నాకు. పలకలు పటపటమంటాయి, విరిగిపోయాయేమో అన్నంత చప్పుడు. అవతలి వైపు నుంచి ఈనెలతో సహా తెగిన ఆకు బయటికొస్తుంది. చూడ్డానికి బాగుంటుంది. కానీ డై దగ్గర పెద్దగా ఆలోచించేదేమీ లేదు. కొన్నావా, తిప్పావా, వచ్చిందా, అంతే.

ఆలోచనంతా ఇంకు దగ్గరుంది. బయటినుంచి చూసేవాళ్ళకి ఇంకు అంటే రంగే. అక్కకి ఇంకు అంటే ప్రవర్తన. డై ఇంకు (ఈ 'డై' వేరు, అద్దకం రంగు) కాయితంలోకి ఇంకిపోతుంది, తొందరగా ఆరుతుంది, ఎండ తగిలేచోట పెడితే వెలిసిపోయే అవకాశం ఎక్కువ. పిగ్మెంట్ ఇంకు కాయితం మీదే కూర్చుంటుంది, చిక్కగా ఉంటుంది, ఓ పట్టాన ఆరదు. ఆ ఆరకపోవడమే దాని సుగుణం. తడిగా ఉండగానే ఎంబాసింగ్ పొడి చల్లి, అంటనిది దులిపేసి, హీట్ గన్‌తో వేడిచేస్తే పొడి కరిగి అక్షరాలు ఉబ్బెత్తుగా, నిగనిగలాడుతూ తేలతాయి. పొడి కరిగే ఆ రెండు మూడు సెకన్లూ అక్క ఊపిరి బిగబట్టేది. తొమ్మిదేళ్ళ తర్వాత కూడా.

ఇంకు ఎంపికలో తర్కం ఉంది, వెనక నుంచి ముందుకి నడిచే తర్కం. బొమ్మ అంచుగీత ఏ ఇంకుతో వేయాలన్నది దాని లోపల రంగు దేనితో నింపుతావన్నదాన్ని బట్టి ఉంటుంది. నీళ్ళ రంగులు వేసేట్టయితే గీత నీళ్ళకి చెదరకూడదు. కోపిక్ లాంటి ఆల్కహాల్ మార్కర్లు వాడేట్టయితే గీత ఆల్కహాల్‌కి చెదరకూడదు. ఒకదానికి పనికొచ్చే నలుపు ఇంకోదానికి పనికిరాకపోవచ్చు. మూడు నల్ల ఇంకుప్యాడ్లు ఎందుకని నేనడిగితే అక్క నావైపు జాలిగా చూసింది. చివరి పని తెలియకుండా మొదటి పని మొదలుపెట్టలేని ఇలాంటి వ్యవహారం నాకు బాగా పరిచయం, నా ఉద్యోగమే అది. డిస్ట్రెస్ ఇంకులని ఇంకో రకం ఉంది, టిమ్ హోల్ట్జ్ అనే డిజైనర్ పేరుతో వస్తాయి. వీటి గుణం దీనికి పూర్తిగా తిరగబడినట్టు ఉంటుంది, నీటిచుక్క తగిలితే కావాలనే పాకుతాయి, మరకలవుతాయి. ఆ మరక కోసమే వాటిని కొంటారు. అక్క కార్డుల్లో నాకు బాగా నచ్చిన నాలుగింటిలో మూడు వీటితో చేసినవే. ఏం జరుగుతుందో చేసేవాళ్ళకి కూడా పూర్తిగా తెలియని చోటు ఒకటి వాటిలో ఉంది.

ఇదంతా పరాయి సంబరమనిపిస్తే ఒక్కసారి బడి రోజుల్లోకి వెళ్ళండి. బెండకాయ అడ్డంగా కోసి, పోస్టర్ కలర్లో ముంచి, డ్రాయింగ్ కాయితం మీద పువ్వులు అద్దిన తరం మనది. అచ్చు అంటే ఏంటో మన చేతులకి తెలుసు. అంతకన్నా పెద్ద ఉదాహరణ మచిలీపట్నం పక్కన పెడనలో ఉంది. అక్కడి కలంకారీలో టేకు చెక్క అచ్చులతో ముందు గీత అద్దుతారు, ఆ తర్వాత ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు, గీత లోపల సరిగ్గా కూర్చునేలా. బట్టని ముందే కరక్కాయ నీళ్ళలో, పాలల్లో ముంచి ఆరబెడతారు. ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్ళు ఆ బట్టకి తగిలితే నల్ల గీత వస్తుంది. పటిక తగిలినచోట ఎరుపు పట్టుకుంటుంది. అక్క 'లేయరింగ్ స్టాంపులు' అని మూడు ముక్కలుగా గులాబీ అద్దుతుంటే నాకు పెడనే గుర్తొచ్చింది. తేడా ఏంటంటే, పెడన అద్దకందారు వేలసార్లు అదే అచ్చు వేస్తాడు, అది బతుకుతెరువు. అక్క ఒక్కసారి వేసి కవర్లో పెట్టేస్తుంది. 'చేతిపని' అన్న మాట రెండింటికీ వాడతాం గానీ, ఒకచోట అది చాకిరీ, ఇంకోచోట తీరిక. ఈ తేడాని దాచిపెట్టి చేతిపని గొప్పదనం గురించి మాట్లాడే రాతలంటే నాకు చిరాకు.

సరే, మాటల సంగతికి వద్దాం.

వ్యాపారం కోసం అచ్చయిన మొదటి క్రిస్మస్ కార్డుగా చెప్పేది 1843లో లండన్లో వచ్చింది. హెన్రీ కోల్ అనే ఆయన జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారుడితో బొమ్మ వేయించి, రాతి మీద అచ్చువేయించి, రంగులు చేత్తో వేయించి, ఒక్కోటి ఒక షిల్లింగుకి అమ్మాడు. గీత అచ్చుది, రంగు చేతిది. అంటే నేటి స్టాంపు కార్డు పద్ధతి అప్పుడే ఉంది. శుభాకాంక్ష కూడా అచ్చులోనే ఉంది. కానీ ఆ కార్డు పైన 'ఫలానావారికి' అనీ, కింద 'ఫలానావారి నుంచి' అనీ రెండు ఖాళీలు వదిలారు. నా దృష్టిలో ఆ రెండు ఖాళీలే ఆ కార్డులో అసలు రచన. తర్వాతి కథ తెలిసిందే. 1910లో జాయిస్ హాల్ కాన్సస్ సిటీలో మొదలుపెట్టిన వ్యాపారం హాల్‌మార్క్ అయింది, కార్డు దుకాణంలో వస్తువైంది, కవితలు కూడా లోపలే అచ్చయి వచ్చాయి. చేతి కార్డులవాళ్ళు తమని తాము దీని మీద తిరుగుబాటుగా చెప్పుకుంటారు. తిరుగుబాటు సామగ్రి అమ్మడానికి మళ్ళీ కంపెనీలొచ్చాయి. 1988లో మొదలైన స్టాంపిన్ అప్ లాంటివి ఇంటింటి ప్రదర్శనల పద్ధతిలో స్టాంపులు అమ్ముతాయి. దీన్ని కపటం అననక్కర్లేదు. కవి కూడా కాయితాన్నీ కలాన్నీ కొనుక్కునే రాస్తాడు. కానీ కవి పద్యం కొనుక్కోడు కదా.

అక్క సెంటిమెంట్ల డబ్బా మొత్తం తిరగేశాను. స్థూలంగా రెండు జాతులు. 'హ్యాపీ బర్త్‌డే', 'థాంక్యూ' లాంటి పొట్టివి ఒకటి. రెండో జాతి పొడుగువి. నువ్వు నా జీవితంలోకి రావడం అదృష్టమనో, నీ నవ్వుతో నా రోజులు వెలుగుతాయనో, నీలాంటి స్నేహితురాలు ఒక్కతి చాలనో అర్థం వచ్చే వంకీల అక్షరాల వాక్యాలు. వీటి మీద నా తీర్పు కాస్త కటువుగానే ఉంటుంది. మొదటి జాతి నిజాయితీ గలది, రెండోది దొంగది.

ఎందుకంటే 'హ్యాపీ బర్త్‌డే' ఎవరిదీ కాదు, అందరిదీ. అది మన శుభలేఖల మీది 'శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు' లాంటిది. అక్కడ సొంత కవిత్వం ఎవరూ ఆశించరు. పాతబడిన మాటకి ఉండే బరువు దానికుంది. 'నూరేళ్ళు చల్లగా ఉండు' అని పెద్దవాళ్ళు నెత్తిన చెయ్యి పెట్టినప్పుడు ఇది కొత్త వాక్యమా అని అడుగుతామా? పొడుగు సెంటిమెంట్ అలా కాదు. 'నీ నవ్వు' అంటుంది. ఎవరి నవ్వు? ఆ రబ్బరు తయారుచేసినవాళ్ళు ఆ నవ్వు చూళ్ళేదు. ఒకే మనిషికి మాత్రమే చెప్పగలిగే మాటలా వేషం వేసుకుని, అదే సెట్టు కొన్న ప్రతి ఒక్కరి బల్ల మీదా ఉంటుంది. విడ్డూరమేంటంటే, ఇవే ఎక్కువ చోటు కూడా ఆక్రమిస్తాయి. బయట పేజీ మీద నాలుగు వరుసల సాన్నిహిత్యం అచ్చేశాక లోపల రాయడానికి ఏం మిగులుతుంది? పద్నాలుగు కార్డుల్లో పొడుగు సెంటిమెంట్ ఉన్నవి ఐదు. ఐదింటిలోనూ లోపలి పేజీలో 'ప్రేమతో' అనీ, సంతకమూ తప్ప ఇంకేం లేవు. పొట్టివి ఉన్నవాటిలో మాత్రం అక్క రాసింది. కొన్నింట్లో పేజీ నిండా.

ఇందులో మా అమ్మది ఒకటుంది. అమ్మకి ఇంగ్లీషు చదవడం రాదు. అసలు ఆ తరానికి పుట్టినరోజు అంటే బళ్ళో వేసేటప్పుడు మాస్టారు తోచినట్టు రాసిన తేదీ. అమ్మది జూలై ఒకటి, ఆ ఊళ్ళో సగంమందిది అదే. ఆ తేదీకి మూడ్రోజుల ముందే ఒక కార్డొచ్చింది. నీళ్ళ రంగులతో మందారం, డైతో కోసిన ఆకులు, బంగారు పొడితో 'హ్యాపీ బర్త్‌డే'. అమ్మ పైన వేలితో తడిమి, ఉబ్బెత్తు అక్షరాలు తగిలి, 'ఇదేంటి, జిగురా?' అంది. కరిగిన ప్లాస్టిక్ పొడి అని చెప్పాను. ఆకుల్ని తిప్పి చూసి, మందారానికి ఇలాంటి ఆకులుండవని తప్పుపట్టింది. నిజమే, అవి గులాబీ సెట్లో ఆకులు. తర్వాత తెరిచింది. లోపల బాల్ పెన్నుతో మూడు వాక్యాలు తెలుగులో ఉన్నాయి. పిన్నీ, చిన్నప్పుడు నీ దగ్గరున్న వేసవిలో నాకు జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేస్తూ మెలకువగా ఉన్నావు, మొన్న మా చిన్నదానికి వేస్తుంటే నువ్వే గుర్తొచ్చావు, ఇక్కడికి రాలేవని తెలిసి కూడా రమ్మంటున్నాను అని. అక్షరాలు అంత బాగా లేవు, ఏళ్ళ తరబడి తెలుగు రాయని చెయ్యి. 'జ్వరం'లో వ ఒత్తు బదులు మ ఒత్తు పడి కొట్టివేత. అమ్మ అది చదివి ఏమీ అనలేదు. కార్డు టీవీ పక్కన పెట్టింది, మూసి కాదు, లోపలి పేజీ బయటికి కనిపించేట్టు తిరగేసి. మందారం గోడ వైపు ఉంది.

రెండు రాత్రులు పట్టిన మందారం అది. దాన్ని గోడకి తిప్పడంలో అమ్మ చేసినంత సూటి విమర్శ నేను చేయలేను. అయినా అమ్మ తీర్పుతో నాకు పూర్తిగా అంగీకారం లేదు. ఆ మందారం లేకుండా ఆ మూడు వాక్యాలు వచ్చేవా? వాట్సాప్‌లో అక్క ఎప్పుడూ ఆ సంగతి రాయలేదు, నెలకోసారి వీడియో కాల్ చేస్తుంది, అందులో కూడా చెప్పలేదు. ఒక మనిషి కోసం రెండు రాత్రులు రంగు నింపుతూ కూర్చుంటే ఆ మనిషి గురించి ఏదో ఒకటి గుర్తుకు రాక తప్పదు. బొమ్మ, మాటకి ముందు పట్టే సమయం. స్టాంపులూ డైలూ చేసే అసలు పని బహుశా అదే, చేతుల్ని బిజీగా ఉంచడం. పొడుగు సెంటిమెంట్ మీద నా కోపం కూడా అందుకే. ఆ సమయమంతా గడిచి, చెప్పాల్సింది నోటిదాకా వచ్చిన క్షణంలో అది అడ్డంపడి తనే మాట్లాడేస్తుంది.

ఈ లోకంలో నకలు గురించి ఉన్న ఆలోచన మన సాహిత్య లోకంలో కన్నా ఆరోగ్యంగా ఉందని కూడా చెప్పాలి. ఒకరి కార్డు చూసి ఇంకొకరు చేసుకోవడాన్ని 'కేస్' చేయడం అంటారు, అంతా కాపీ కొట్టు, పంచుకో అనే అర్థమొచ్చే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు. ఎవరిది చూసి చేశారో పేరు చెబితే చాలు. కొన్ని స్టాంపు కంపెనీలకి 'ఏంజెల్ పాలసీ' అని ఉంటుంది. మా బొమ్మని నీ చేత్తో అద్ది కార్డు చేస్తే దాన్ని అమ్ముకోవచ్చు, అదే బొమ్మని స్కాన్ చేసో జిరాక్స్ తీసో అమ్మకూడదు అని. ఓపెన్ సోర్స్ లైసెన్సులు చదివే నాకు ఇది భలే నచ్చింది. అచ్చు ఒకటే, ఫలితమూ దాదాపు ఒకటే, మధ్యలో చెయ్యి ఉందా లేదా అన్నదొక్కటే తేడా. యాంత్రిక పునరుత్పత్తి కళాఖండాన్ని ఏం చేస్తుందని వాల్టర్ బెన్యమిన్ అడిగిన వ్యాసం 1936లో అచ్చయింది. స్టాంపు కంపెనీల లాయర్లు ఆ ప్రశ్నకి తమదైన జవాబొకటి రాసుకుని, కేటలాగు చివరిపేజీలో చిన్న అక్షరాల్లో వేసుకున్నారు.

కానీ ఆ చేతిని కనిపించకుండా చేసే పనిముట్లే ఇప్పుడు ఎక్కువ అమ్ముడవుతున్నట్టుంది. మిస్టి అని ఒకటుంది, తలుపులా తెరుచుకునే పెట్టె. స్టాంపుని మూతకి అంటించి, కాయితాన్ని అయస్కాంతంతో బిగించి మూస్తే, ఎన్నిసార్లు వేసినా అచ్చు వెంట్రుకవాసి కదలకుండా అదే చోట పడుతుంది. చేతులు వణికేవాళ్ళకి అది వరం, అందులో సందేహం లేదు. అక్క కార్డులు అది కొన్న దగ్గర్నుంచి తేటగా, నిటారుగా, తప్పుల్లేకుండా ఉన్నాయి. వరసగా పెట్టి చూస్తే ఎక్కడ కొందో చెప్పేయచ్చు. పాతవాటిలో ఒక్కోచోట ఇంకు చాలక గీత తెగిపోయి, అక్క సన్న పెన్నుతో దాన్ని కలిపిన జాడలుండేవి. నేను ఆ పాతవాటి పక్షం.

పోయినేడాది అక్క తెలుగు సెంటిమెంట్ కావాలంది. మన దగ్గర రబ్బరు స్టాంపు అంటే గెజిటెడ్ ఆఫీసరు సంతకం కింద పడేది, లేదా అధికారం లేని పదవిలో ఉన్నవాళ్ళని తిట్టడానికి వాడేది. కలెక్టరేట్ దగ్గర అలాంటివి చేసే కొట్టుకి వెళ్ళి 'పుట్టినరోజు శుభాకాంక్షలు' అని చేయించమంటే, కొట్టాయన కింద డిజిగ్నేషన్ ఏం వేయాలని అడిగాడు. తీరా చేయించి పంపితే 'శుభాకాంక్షలు'లో భ ఒత్తూ, క్ష మెలికలూ ఇంకుతో పూడుకుపోయి ముద్దగా పడుతున్నాయట. పెద్ద రబ్బరు తీసుకుని తనే చెక్కుదామని చూసింది. అద్దంలో బొమ్మలా తిరగేసి చెక్కాలి, మన గుండ్రటి అక్షరాల లోపలి కన్నాలు తెగిపోకుండా నిలవాలి. రెండు రబ్బర్లు పోయాయి. పైగా ఆ మాట మీదే అక్కకి అనుమానం. 'ఇది మనింట్లో నోటితో ఎవరన్నా అన్నారా ఎప్పుడన్నా? ఫ్లెక్సీల మీద తప్ప!' అంది.

ఇంగ్లీషులో ఇంకో దారి ఉంది, విడి అక్షరాల సెట్లు, ఇరవయ్యారు స్టాంపులు కొనుక్కుంటే ఏ మాటైనా కూర్చుకోవచ్చు. తెలుగుకి గుణింతాలూ ఒత్తులూ లెక్కేస్తే అలమారా సరిపోదు. కాబట్టి ఈసారి అమ్మ కార్డు మీద స్టాంపు మాట అసలు లేదు. కనకాంబరాలు, ముదురు ఆకుపచ్చ కాయితం, ముందు పేజీ మీదే తెల్ల జెల్ పెన్నుతో తెలుగులో రాయాలని అక్క ఆలోచన. పిగ్మెంట్ ఇంకు మీద జెల్ పెన్ను వెంటనే పెడితే జారుతుందట, రాత్రంతా ఆరనివ్వాలి. ఆరబెట్టి, పొద్దున్నే నాకు ఫోన్ చేసి, అమ్మ చిన్నప్పటి ముద్దుపేరు స్పెల్లింగ్ అడిగింది.